ఎర్రంగా పోసిన బర్రె, కుడితి తొట్టి అడుగున మిగిలిపోయిన మినరల్ మిక్చర్ (కలిగిరి వైపు కేసు)

ఈనిన రెండు మూడు వారాలకి బర్రె ఎర్రంగా పోస్తా ఉందంటే మా నెల్లూరు వైపు రైతుకి ముందు గుర్తొచ్చేది పిడుదుల జ్వరం, తర్వాత దిష్టి, ఆ తర్వాత లివర్ టానిక్. ఫాస్ఫరస్ అనే మాట ఎవరి నోటా రాదు. అందుకే పశువుల డాక్టరుగా నేను చూసిన ఈ కేసుని మందు దగ్గర ఆపకుండా తొట్టి దాకా రాస్తున్నా, కొంచెం పొడుగు అవుద్ది, ఓపిగ్గా చదవండి. డాక్టర్లకి ఇందులో కొత్త మందేం లేదు గానీ రైతులకి, ఊళ్ళలో పశువులకి ఎద సూదులేసే గోపాలమిత్రలకి పనికొస్తుందనుకుంటున్నా.

ఊరు కలిగిరి దగ్గర మెట్ట ఊరు, చెరువు నిండితే వరి, లేకపోతే పొగాకు, మినుము, కంది. సొంత గడ్డి చాలదు, వరిగడ్డంతా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి ట్రాక్టర్ల మీద వస్తుంది, ఈ మధ్య అయితే మిషన్ కోసిన గడ్డిని బేలర్ కట్టలు కట్టి తెస్తున్నారు. ఇంట్లో ఐదు గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతి కలిసిన) బర్రెలు, రెండు పడ్డలు (ఇంకా ఈననివి), దూడలు. ఒంగోలు జాతికి పేరుపడ్డ నేల మనది, పక్కనే కొండాపురం మండలంలో చింతలదేవి ఫారం కూడా ఉంది, అయినా ఇక్కడ ఇంటి ఖర్చు నడిపేది బర్రెపాలే, పాల కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బులిస్తారు కాబట్టి. పాలు పోసొచ్చేది, గడ్డి తెచ్చేది ఇంటాయన. మేత వెయ్యడం, కుడితి కలపడం, పాలు పిండటం ఆయన భార్య. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

జబ్బు పడింది నుదుట తెల్ల చుక్క ఉన్న బర్రె, ఇంట్లో చుక్కది అంటారు. వయసు సుమారు తొమ్మిదేళ్ళు, 4వ ఈత, ఈని 18 రోజులు. మాయ సరిగ్గానే పడింది, దూడ బాగుంది, వారం తిరిగేసరికి రోజుకి 9 లీటర్లకి వచ్చింది. అక్టోబరు ఆఖరు, వానలు మొదలైన రోజులు. ముందు ఒక పూట మేత తగ్గించింది, పాలు 9 నుంచి 6కి, మరునాటికి 4కి పడిపోయాయి, పేడ గట్టిపడి ముక్కుతా వేస్తోంది, ఆ సాయంత్రం మూత్రం ఎర్రగా కనపడింది. ఊర్లో సూదులేసే అబ్బాయి వచ్చి పిడుదుల జ్వరం అని దానికి వాడే ఇంజక్షన్, ఒక యాంటీబయాటిక్, రక్తం కట్టే సూది వేసి లివర్ టానిక్ తాగించి పోయాడు. తెల్లారి మూత్రం ఇంకా నల్లబడింది. అప్పుడు ఫోన్. "సార్, చుక్కది ఎర్రంగా పోస్తా ఉండాది, లేవను కూడా లేవట్లేదు, రాగలరా" అని.

పోయేసరికి లేచి నిలబడే ఉంది గానీ మెడ వాల్చేసింది. జ్వరం చూస్తే 101.2, అంటే మామూలే. నాడి నిమిషానికి 88, ఊపిరి 36, గుండె మీద స్టెతస్కోప్ పెడితే దడదడ కొట్టుకుంటోంది, మెడ నరం పైకి కిందకి ఆడటం కంటికే కనపడుతోంది. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపనేదే లేదు, తెల్లగా, అంచున కొంచెం పసుపు. పొదుగు మెత్తగా ఉంది, పొదుగువాపు లేదు, పాలలో రక్తం లేదు. చెవుల వెనక, తోక మొదట్లో, గజ్జల్లో వెతికితే ఒకటో రెండో పిడుదులు, అంతే.

మూత్రం సంగతి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే ల్యాబు లేని చోట రైతే చెయ్యగలిగిన పరీక్ష ఇది. మానం కింద చేత్తో మెల్లిగా రుద్దితే పోసింది, మొదటి ధార వదిలేసి మధ్యలో ఒక ఖాళీ వాటర్ బాటిల్లో పట్టా. రంగు చిక్కటి కాఫీ డికాషన్, పైన నురగ, ఎండకి ఎత్తి పట్టుకుంటే అంచుల్లో ముదురు ఎరుపు. దాన్ని కదపకుండా అరుగు మీద అరగంట పెట్టమన్నా. మూత్రంలోకి రక్తమే కారుతుంటే, అంటే కిడ్నీలోనో మూత్రాశయంలోనో పుండుంటే, ఎర్ర కణాలు అడుక్కి దిగి పైన తేట తేలుతుంది. ఇక్కడ అరగంటయినా పైనుంచి కిందదాకా ఒకటే రంగు. అంటే రక్తం ఒంట్లోనే, నరాల్లోనే పగిలిపోయి దాని రంగు మాత్రమే మూత్రంలోకి వస్తోంది. రక్తం కట్టే సూది ఎందుకు పని చెయ్యలేదో ఆ బాటిల్ చూస్తేనే తెలుస్తుంది, కారుతుంటే కదా కట్టడానికి.

ఎర్ర కణాలు ఒంట్లోనే పగలడానికి ముఖ్యమైన కారణాలు మూడు నాలుగున్నాయి. పిడుదుల ద్వారా వచ్చే బెబీసియా ఒకటి, దాంట్లో జ్వరం 104, 105 కొడుతుంది, ఇక్కడ లేదు, పైగా చెవి అంచు నుంచి రక్తం తీసి స్లైడు చేసి చూపిస్తే పరాన్నజీవి ఏం కనపడలేదు. లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా జబ్బు అయితే జ్వరం, ఈసుకుపోవడం (చూడి పోవడం) లాంటివి ఉంటాయి, మందలో మిగతావాటికీ ఏదో ఒకటి కనపడుతుంది. క్యాబేజీ ఆకు, ఆవాల మొక్క లాంటివి ఎక్కువగా మేపినా రావచ్చు, ఇక్కడ అవేం మేపలేదు. మిగిలింది ఈనిన తర్వాత ఫాస్ఫరస్ లోటుతో వచ్చే రక్తమూత్రం, పుస్తకాల్లో పోస్ట్ పార్చురియంట్ హిమోగ్లోబిన్యూరియా అంటారు. మూడో ఈత దాటిన, బాగా పాలిచ్చే బర్రెల్లో, ఈనిన నెల నెలన్నర లోపల, జ్వరం లేకుండా, పేడ గట్టిపడి. చుక్కదానికి అన్నీ అతికినట్టు సరిపోయాయి. బర్రెల్లో అయితే ఈనకముందే చూడి ఆఖరి నెలల్లో కూడా వస్తుంది, కాబట్టి ఈనలేదు కదా అని కొట్టెయ్యకూడదు.

మందు మొదలుపెట్టే ముందే రక్తం తీసి నెల్లూరు ల్యాబుకి పంపించా, రిపోర్టు సాయంత్రానికి ఫోన్లో వచ్చింది. హిమోగ్లోబిన్ 5.2 గ్రాములు, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల వాటా) 16 శాతం, కాల్షియం 8.6, ఫాస్ఫరస్ 1.4 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న బర్రెకి ఫాస్ఫరస్ నాలుక్కి పైన, ఎనిమిది లోపల ఉండాలి. రిపోర్టు కోసం ఆగి మందు మొదలుపెట్టే జబ్బు కాదిది, అది వచ్చేలోపే మొదటి డోసు పడిపోవాలి.

ఫాస్ఫరస్ తగ్గితే రక్తం ఎందుకు పగులుద్ది అని ఆయన అడిగాడు, మంచి ప్రశ్నే. ఎర్ర కణానికి తన గోడని గట్టిగా నిలుపుకోవడానికి శక్తి కావాలి, ఆ శక్తిని అది చక్కెర నుంచి తయారు చేసుకుంటుంది, ఆ పనికి ఫాస్ఫరస్ లేకపోతే కుదరదు. మిగతా కణాల్లో శక్తి తయారు చేసుకోడానికి వేరే దారి కూడా ఉంది, ఎర్ర కణానికి ఉన్నది ఈ ఒక్క దారే. ఫాస్ఫరస్ అడుగంటితే గోడ బలహీనపడి కణం ఉబ్బి పగిలిపోతుంది. పగిలిన రంగంతా కిడ్నీల మీద పడుతుంది, అందుకే మూత్రం రంగు తగ్గేదాకా కిడ్నీని కూడా కాపాడుకోవాలి.

ట్రీట్‌మెంట్ ఇదీ. సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ 60 గ్రాములు, 300 మి.లీ. స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్లో కరిగించి, వడకట్టి, గోరువెచ్చగా మెడ నరంలోకి చాలా నెమ్మదిగా, గుండె మీద స్టెతస్కోప్ పెట్టుకునే. ఇంకో 60 గ్రాములు నీళ్ళలో కలిపి నోటి ద్వారా. చర్మం కింద కూడా వేస్తారు, చాలామంది పద్ధతి అదే, నేను మాత్రం వాపు వస్తుందని నోటికే ఇస్తా. పన్నెండు గంటల తర్వాత మళ్ళీ అదే డోసు, ఆ తర్వాత రోజుకి రెండు పూటలా నోటి ద్వారా. నరంలోకి మూడు లీటర్ల డెక్స్‌ట్రోజ్ సెలైన్, కిడ్నీల కోసం. నోటి ద్వారా ఐరన్, కాపర్, కోబాల్ట్ ఉన్న పొడి. రక్తం ఎక్కించలేదు. పీసీవీ 12 దగ్గరికి దిగుతుంటే గానీ, పడుకుని లేవలేకపోతుంటే గానీ ఎక్కించాలి, రక్తం ఇవ్వడానికి పక్క కొట్టంలో ఆరోగ్యంగా ఉన్న ఒట్టి (పాలివ్వని) బర్రెని చూసి పెట్టుకోమని మాత్రం చెప్పా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కాల్షియం బాటిల్, ఫాస్ఫేట్ రెండూ ఒకే గొట్టంలో ఎక్కించకూడదు, కలిస్తే సున్నంలా గడ్డకడతాయి. రెండోది, ఫాస్ఫరస్ ఇంజక్షన్ అని మెడికల్ షాపులో దొరికే టోల్డింఫాస్, బ్యూటాఫాస్ఫాన్ లాంటివి 10, 20 మి.లీ. వేసి ఫాస్ఫరస్ ఇచ్చాం అనుకుంటారు. ఆ మందుల పని వేరు, ఉండవచ్చు, నేనూ వాడతా, కానీ ఇంత లోటుని పూడ్చేంత ఫాస్ఫరస్ వాటిలో ఉండదు. ఇక ఎవరో చెప్పారని డీఏపీయో సూపర్ ఫాస్ఫేటో నీళ్ళలో కలిపి తాగించేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. డీఏపీలో అమ్మోనియా ఉంటుంది, ఎరువు ఫాస్ఫేట్లో ఫ్లోరిన్ ఉంటుంది. కనిగిరి, పొదిలి వైపు నీళ్ళలోనే ఫ్లోరైడు ఉందని మనుషులకే పళ్ళు, ఎముకలు పోతున్న ప్రాంతం, దాని మీద ఇది కూడానా. పశువుల దాణాకని అమ్మే డైకాల్షియం ఫాస్ఫేట్, అంటే డీసీపీ వేరు, దాంట్లో ఫ్లోరిన్ తీసేసి ఉంటుంది.

రెండో డోసు తర్వాత మూత్రం రంగు పలచబడింది, మూడో రోజు పొద్దునకి మామూలు రంగుకొచ్చింది, ఆమె ఫోన్ చేసి "నీళ్ళలాగా పోసింది సార్" అని చెప్పింది. మేత అంతకుముందే మొదలుపెట్టింది. పది రోజుల తర్వాత పీసీవీ 21, ఫాస్ఫరస్ 4.6. పాలు మాత్రం అంత తొందరగా రావు, రక్తం మళ్ళీ తయారవ్వాలి కదా, మూడు నాలుగు వారాలకి ఏడున్నర లీటర్ల దగ్గర నిలబడింది. పాత 9 ఈ ఈతలో మళ్ళీ రాలేదు.

ఇంతవరకూ మందు. అసలు ఈ లోటు ఎక్కణ్ణించి వచ్చిందనేది రెండోసారి పోయినప్పుడు అడిగా. ఆయన్ని అడిగితే "దాణా బాగానే పెడతన్నాం సార్, మినరల్ మిక్చర్ కూడా ఏస్తన్నాం" అన్నాడు, అంటే ఖనిజాల పొడి. ఆమెని అడిగితే వేరే కథ వచ్చింది. వేసంగిలో తవుడు మూట రేటు పెరిగిందని ఆపేశారు. అందులోనూ ఒట్టిపోయిన బర్రెకి దాణా ఎందుకు, పాలిచ్చేవాటికి పెట్టుకుందాం అని చుక్కదానికి రెండు నెలల ముందే ఉట్టి వరిగడ్డి, కుడితి నీళ్ళు, అప్పుడప్పుడు కంది పొట్టు. ఈనాక మాత్రం బాలింత అని నూకల జావ, బెల్లం, మెంతులు, రోజుకి రెండు కిలోల నూకలు. ప్రేమగానే పెట్టింది, దానికేం అనలేం. నూకల్లో శక్తి ఉంది కాబట్టి పాలు గబగబా పెరిగాయి కూడా. కానీ బియ్యం పాలిష్ పట్టాక ఫాస్ఫరస్ చాలావరకు తవుట్లోకి పోతుంది, నూకల్లో మిగిలేది కొంచెమే.

లెక్క వేసి ఆమెకే చూపించా, నోటు పుస్తకం వెనక పేజీలో. వరిగడ్డిలో ఫాస్ఫరస్ సుమారు 0.1 శాతం, ఎనిమిది కిలోలు తింటే 8 గ్రాములు. రెండు కిలోల నూకల్లో రెండు మూడు గ్రాములు. పొట్టులో ఒకటో రెండో. మొత్తం 12 అనుకుందాం, అందులో ఒంటికి పట్టేది సగానికి కొంచెం పైన. బర్రెపాలలో లీటరుకి సుమారు 1.2 గ్రాముల ఫాస్ఫరస్ పోతుంది, 9 లీటర్లకి దాదాపు 11 గ్రాములు పాలలోనే బయటికి పోతున్నాయి, బర్రె బతకడానికి కావాల్సింది అది కాక. అలా పాలిచ్చే బర్రెకి రోజుకి మేతలో 30 నుంచి 40 గ్రాములు కావాలి. మిగతాది ఎక్కడినుంచి తెస్తుంది, ఎముకల్లోంచి. చూడి ఆఖరి రెండు నెలలు కూడా ఇరవై గ్రాముల దరిదాపు కావాల్సిన చోట ఎనిమిది తొమ్మిది గ్రాములతో నెట్టుకొచ్చింది కాబట్టి ఈనేటప్పటికే నిల్వ ఖాళీ. జబ్బు కనపడింది ఈనిన 18 రోజులకి, మొదలైంది ఒట్టిపోయిన రోజున.

మరి మినరల్ మిక్చర్ వేస్తున్నామన్నారు కదా. వేస్తున్న మాట నిజమే. సంచి చూపించింది, మంచి కంపెనీదే, ఐఎస్ఐ మార్కుంది, కాల్షియం 20 శాతం, ఫాస్ఫరస్ 12 శాతం అని రాసుంది. ఎట్లా వేస్తారని అడిగితే రెండు గుప్పిళ్ళు కుడితి తొట్టిలో వేసి కలిపి తాగిస్తామంది. తొట్టి సిమెంటుది, అప్పటికే బర్రెలు తాగిపోయి అడుగున జానెడు నీళ్ళున్నాయి. చెయ్యి పెట్టి అడుగు గీకా, వేళ్ళ సందుల్లో బూడిద రంగు బురద వచ్చింది, నలిపితే ఇసకలాగా గరగర. అది మట్టి కాదు, మినరల్ మిక్చర్. డీసీపీ, సున్నపురాయి పొడి నీళ్ళలో కరగవు, పది నిమిషాల్లో అడుక్కి దిగిపోతాయి, బర్రె పైన నీళ్ళు తాగి పోతుంది, వారానికోసారి తొట్టి కడిగినప్పుడు ఆ పొడంతా పెంట దిబ్బ మీదకి. ఆమె కాసేపు ఏం మాట్లాడలా, తర్వాత "అయితే ఇన్నాళ్ళూ దిబ్బకి మేపినామా" అంది.

కాబట్టి పొడిని నీళ్ళలో వెయ్యొద్దు. కొంచెం తడిపిన తవుట్లోనో, నానబెట్టిన వేరుశనగ చెక్కలోనో చేత్తో కలిపి ముద్దగా పెట్టాలి, అదీ ఏ బర్రెది దానికి విడిగా. గంపగుత్తగా వేస్తే బలమైనది రెండు వాటాలు తింటుంది, నీరసంగా ఉన్నదానికి ఏం మిగలదు.

కొట్టంలో మిగతా పశువుల్ని చూస్తే ఇదే లోటు వేరే వేరే రూపాల్లో కనపడింది. ఒక పడ్డ పలుపుతాడు నములుతోంది, దూడలు గోడ సున్నం నాకుతున్నాయి, చూడి బర్రె ఒకటి మేపుకి పోయినప్పుడు ఎముకలు కొరుకుతుందని ఆమే చెప్పింది. ఎముకలు కొరకడాన్ని తేలిగ్గా తీసుకోకండి, కుళ్ళిన కళేబరం ఎముకల నుంచి బోటులిజం అనే విషబాధ వచ్చి కాళ్ళు చచ్చుబడి చనిపోయే ప్రమాదం ఉంది. ఆ చూడి బర్రె రక్తంలో ఫాస్ఫరస్ 2.9. ఇంకోటి ఈని ఐదు నెలలైనా ఎదకి రాలేదు. పేడ పరీక్షలో రెండింటికి కార్జపు జలగ గుడ్లున్నాయి, చెరువు గడ్డి మేసే చోట మామూలే, ముందు దానికి మందు తాగించాం, లోపల జలగలు ఉండగా పైనుంచి ఎన్ని పొడులు పోసినా దండగ.

మేత ఇట్లా మార్చాం. పాలిచ్చే బర్రెకి నూకలు తగ్గించి తవుడు కిలోన్నర, మొక్కజొన్న పిండి రెండు కిలోలు, వేరుశనగ చెక్క కిలో, పాలని బట్టి కొంచెం అటూ ఇటూ. మినరల్ మిక్చర్ 100 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, ఉప్పు మామూలు అయొడైజ్డ్ ఉప్పే. చూడి ఒట్టి బర్రెకి తవుడు కిలోన్నర, చెక్క అరకిలో, మినరల్ 50 గ్రాములు. పడ్డలకి, దూడలకి 20, 25 గ్రాములు. చుక్కదానికి మాత్రం ఒక నెల రోజులు డీసీపీ 100 గ్రాములు అదనం, దాంట్లో ఫాస్ఫరస్ 18 శాతం ఉంటుంది. బోరు పక్కన పది సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి పెట్టించాం, అది చేతికొచ్చాక తలకి 15, 20 కిలోలు పచ్చిగడ్డి. తవుడు అనగానే నూనె తీసినదా మామూలుదా అని అడుగుతారు, ఫాస్ఫరస్ రెండింట్లోనూ బాగానే ఉంటుంది, మామూలుది నిల్వ ఉంటే ముక్క వాసన వస్తుంది, వానాకాలంలో మూటలు మూటలు కొని పెట్టుకోవద్దు.

వరిగడ్డిని యూరియాతో మాగబెట్టమని కూడా చెప్పా. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50, 60 లీటర్ల నీళ్ళలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, గాలి పోకుండా పట్ట కప్పి 21 రోజులు. మాంసకృత్తులు మూడు నాలుగు శాతం ఉన్నది ఏడు దాటుతుంది. ఒకసారి చేశారు, బాగా తిన్నాయి, మళ్ళీ చెయ్యలేదు. కూలి దొరకదు, వాసన, పిల్లలు దగ్గరికి పోతారని భయం. ఇది చెప్పినంత తేలిక కాదు, నేను ఒత్తిడి చెయ్యలేదు.

ఆమె అడిగిన ఇంకో మాట, ఈనే ముందు కాల్షియం సీసా తాగించాలా అని. వద్దు. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి కాల్షియం ఎక్కువ పోస్తే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు బర్రెకి తప్పిపోతుంది, ఈనగానే పొదుగు ఒక్కసారిగా లాగేసరికి అందుకోలేక పాలజ్వరంతో పడిపోతుంది. ఈనాక ఇవ్వండి, అప్పుడు పనికొస్తుంది. అప్పుడైనా సీసా వెనక ఉన్నది చదవండి. వాళ్ళింట్లో ఉన్న సీసాలో 100 మి.లీ.కి కాల్షియం మూడు గ్రాముల లోపు, ఫాస్ఫరస్ దాంట్లో సగం. వంద గ్రాముల మినరల్ మిక్చర్లో కాల్షియం 20, ఫాస్ఫరస్ 12 గ్రాములు. కిలో పొడి ఖర్చు ఇంచుమించు రెండు లీటర్ల పాల డబ్బులు, పది రోజులొస్తుంది. సీసా మీద బొమ్మ బాగుంటుంది, తియ్యగా ఉంటుంది కాబట్టి బర్రె కూడా ఇష్టంగా తాగుతుంది, అంతకుమించి నాకేం కనపడలా.

బైపాస్ ఫ్యాట్ (పెద్ద పొట్టని దాటిపోయి పేగుల్లో అరిగే కొవ్వు పొడి) గురించి చాలామంది అడుగుతున్నారు. మంచిదే, రోజుకి 100, 150 గ్రాములు, ఈనే పది రోజుల ముందు నుంచి మూడు నెలల దాకా, పది పన్నెండు లీటర్లు ఇచ్చే బర్రె ఈనాక చిక్కిపోతుంటే పెట్టండి. రోజుకి ఐదారు లీటర్ల బర్రెకి అది వేసే డబ్బులతో తవుడు, చెక్క కొంటే లాభం. అజొల్లా (నీళ్ళ మీద తేలుతూ పెరిగే మేత మొక్క) కూడా అంతే, తొట్టి వేసుకునే ఓపికుంటే వేసుకోండి, కానీ ఒకటి రెండు కిలోల పచ్చి అజొల్లాలో తొంభై శాతం పైన నీళ్ళే, దాన్ని నమ్ముకుని చెక్క మానెయ్యకండి.

మిగతావాటి సంగతి. చూడి బర్రె ఫాస్ఫరస్ నెలన్నరకి 4.9కి వచ్చింది, సంక్రాంతి తర్వాత ఈనింది, మెయ్య దిగలేదు (మానం లోపలిది బయటికి జారలేదు), మాయ ఐదారు గంటల్లో పడింది, ఎర్రమూత్రం రాలేదు. ఎదకి రాని బర్రె డిసెంబరు ఆఖరుకి ఎదకొచ్చింది, రాత్రి పూట మానం నుంచి జిగురు తీగలు వెయ్యడం ఆమే గమనించి చెప్పింది, బర్రెల్లో అరుపులు లేని మూగ ఎద ఎక్కువ కాబట్టి ఆ మాత్రం కనిపెట్టడమే గొప్ప. ఎద సూది వేయించాం, చూడి నిలబడింది. ఇది మినరల్ మిక్చర్ గొప్పే అని నేను రాయను. చలికాలంలో బర్రెలు ఎలాగూ ఎదకొస్తాయి, జలగలు పోయాయి, ఒంట్లో కొంచెం కండ పట్టింది, నాలుగూ కలిసి చేసిన పని. పాల కేంద్రం స్లిప్పుల్లో వెన్న 6.2 నుంచి 6.8 దాకా పోయింది, అదీ అంతే, పచ్చిగడ్డి వాటా ఎంతో, తవుడు వాటా ఎంతో, పొడి వాటా ఎంతో విడదీసి చెప్పలేను. కచ్చితంగా చెప్పగలిగింది మాత్రం ఒకటుంది, పడ్డ తాడు నమలడం, దూడలు గోడ నాకడం నెల లోపే ఆగిపోయాయి, చూడి బర్రె ఎముకల జోలికి పోవడం మానేసింది.

ఈ సంగతి తెలిసి అదే వీధిలో ఇంకో ఇంటివాళ్ళు వచ్చారు, మాకూ ఆ డీసీపీ రాసియ్యండి సార్ అని. పోయి వాళ్ళ తొట్టి చూస్తే అక్కడ కథ పూర్తిగా తిరగబడి ఉంది. వాళ్ళ అల్లుడికి రైస్ మిల్లులో పని, తవుడు చవగ్గా వస్తుంది, బర్రెకి రోజుకి నాలుగు కిలోల తవుడు, మిగతాదంతా వరిగడ్డి. నాలుగు కిలోల తవుట్లో ఫాస్ఫరస్సే 50 గ్రాముల దాకా, కాల్షియం రెండు మూడు గ్రాములు కూడా ఉండదు, గడ్డిలో ఉన్న కాస్త కాల్షియాన్ని కూడా అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు పట్టుకుంటాయి. ఆ బర్రె ఈనిన వెంటనే ఒకసారి పడిపోయి కాల్షియం సీసా ఎక్కిస్తే లేచిందట, పోయిన ఈతలో. వీళ్ళకి ఫాస్ఫరస్ ఇంకా పొయ్యడం అంటే ఉన్న తేడాని ఇంకా పెంచడమే. డీసీపీ వద్దన్నా. తవుడు రెండు కిలోలకి తగ్గించి ఆ చోట మొక్కజొన్న పెట్టమన్నా, మినరల్ మిక్చర్ 100 గ్రాములు అందరిలాగే, దానికి తోడు పాలిచ్చే రోజుల్లో దాణా గ్రేడు సున్నపురాయి పొడి 40 గ్రాములు, చూడి ఆఖరి మూడు వారాలు మాత్రం ఆ సున్నపురాయి పొడి ఆపెయ్యమని కాగితం మీద రాసిచ్చా.